‘మామ’ ఎవరికి మామ? తరచుగా అడిగే ప్రశ్నలు

మా అక్క కూతురు జార్జియాలో, తిబిలిసిలో ఎంబీబీఎస్ చదువుతోంది. వెళ్ళిన మొదటి వారం వీడియో కాల్‌లో నాతో “మామా, చలి చంపేస్తోంది మామా” అని గోల పెడుతుంటే పక్కనున్న ఇంటి ఓనరమ్మ ఫోన్లోకి తొంగిచూసి, గుండెల మీద చెయ్యి పెట్టుకుని నాకేదో గొప్ప మర్యాద చేసింది. మర్నాడు మా బావ ఫోన్ చేస్తే ఆవిడే “మరి ఈయనెవరు?” అని అడిగిందట. అక్కడ మామ అంటే నాన్న. నేను తండ్రినైపోయాను, మా బావ ఎవరో తెలియని మనిషైపోయాడు.

ఆ రోజు నుంచి మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఈ మాట మీద అవే అనుమానాలు మళ్ళీమళ్ళీ వస్తున్నాయి. ఒకరికి చెప్పింది రెండు నెలల తర్వాత ఇంకొకరు అడుగుతారు. విసుగొచ్చి అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్నకి ఆ జవాబే, వరసగా చదవక్కర్లేదు.

## మొదట్లో వచ్చే అనుమానాలు

జార్జియాలో నిజంగానే నాన్నని మామ అంటారా, జోక్ కాదుగా?

నిజమే. జార్జియన్‌లో మామ అంటే తండ్రి, దేదా అంటే తల్లి. ఇదేదో చంటిపిల్లల ముద్దుమాట కూడా కాదు, అసలు మాటే అది. చర్చిలో చేసే “పరలోకమందున్న మా తండ్రీ” ప్రార్థన అక్కడ “మామావో చ్వేనో” అని మొదలవుతుంది, అంటే మా తండ్రీ అని. కోడిపుంజుని మమాలి అంటారు, అందులో ఉన్నదీ ఈ మామే. తల్లిభాషని దేదా ఎనా అంటారు. యాకోబ్ గోగెబష్విలి 1876లో వేసిన పిల్లల వాచకం పేరు కూడా అదే. తిబిలిసి కొండ మీద ఒక చేత్తో వైన్ గిన్నె, ఇంకో చేత్తో కత్తి పట్టుకుని నిలబడ్డ పెద్ద ఆడమనిషి విగ్రహం ఉంటుంది. చుట్టంగా వస్తే వైను, శత్రువుగా వస్తే కత్తి అని అర్థం. ఆ విగ్రహాన్ని కార్త్లిస్ దేదా అంటారు, కార్త్లి (తిబిలిసి ఉన్న ప్రాంతం పాత పేరు) తల్లి అన్నమాట. తల్లి విషయంలో మనలాగే ఉన్నారు, పిలుపు దగ్గరే తేడా.

మా పిల్ల అక్కడ మేనమామతో మాట్లాడేటప్పుడు ఏమని పిలవాలి మరి?

మనింట్లో మనిష్టం, మామా అనే పిలవమనండి. పక్కనున్న జార్జియన్లకి చెప్పాల్సి వస్తే మాత్రం “బిద్జా” అని చెబితే సరిపోతుంది, వాళ్ళకి అంకుల్ లాంటి మాట అది. వాళ్ళ చెవికి హ్రస్వం, దీర్ఘం తేడా ఉండదు కాబట్టి “మమ కాదండీ, మామ” అని ఎంత సాగదీసి చెప్పినా లాభం లేదు.

అమ్మ దేదా అయితే, హిందీ దాదాకి చుట్టమా?

కాదు. హిందీలో దాదా అంటే నాన్నకి నాన్న, బెంగాలీలో అన్నయ్య, బొంబాయి వీధుల్లో రౌడీ, టర్కిష్‌లో దెదె అంటే తాత, జార్జియన్‌లో దేదా అంటే అమ్మ. పాపాయి నోటికి ‘ద’, ‘త’ తేలిగ్గా పలుకుతాయి, వినపడ్డదాన్ని ఒక్కో ఊరివాళ్ళు ఒక్కొక్కరికి అంటగట్టారు. మన తాత కూడా అంతే. మనకి ముసలాయన, సంస్కృతంలో తాత అంటే తండ్రి, పోలిష్‌లో తాతా అన్నా తండ్రే, సింహళంలో తాత్తా అన్నా తండ్రే.

## మనింట్లో మామ

తెలుగులో మామ అంటే మేనమామా, పిల్లనిచ్చిన మామా?

ఇద్దరూ. ఇది కంగారుపడాల్సిన విషయం కాదు, మన పెళ్ళిళ్ళ లెక్క అది. మేనమామ కూతుర్ని చేసుకుంటే మేనమామే పిల్లనిచ్చిన మామ అవుతాడు, అప్పుడు రెండు మాటలెందుకు? అత్త కూడా అంతే: నాన్న చెల్లెలు, మామ భార్య, మొగుడి తల్లి, ముగ్గురికీ ఒకటే పిలుపు. మేనరికాలు మానేసిన ఇళ్ళల్లో కూడా పిలుపులు మాత్రం మారలేదు. ఉత్తరాదిలో అలాంటి పెళ్ళిళ్ళు కూడవు కాబట్టి వాళ్ళకి మామా వేరు, ససుర్ వేరు; సంస్కృతంలోనూ మాతులుడు ఒకరు, శ్వశురుడు ఇంకొకరు. అమెరికాలో లూయిస్ హెన్రీ మోర్గన్ అనే ఆయన ప్రపంచంలోని వరసలన్నీ పోగుచేసి 1871లో పెద్ద పట్టికలు అచ్చువేశాడు, వాటిలో తమిళం, తెలుగు, కన్నడ వరసలు ఉన్నాయి. పెదనాన్న, చిన్నాన్న ఇద్దరూ ‘నాన్న’లే అయి, అమ్మ తమ్ముడు మాత్రం వేరే మనిషవడం చూసి, అమెరికాలో ఇరోక్వా తెగలవాళ్ళ లెక్క కూడా ఇలాగే ఉందే అని ఆయన ఆశ్చర్యపోయాడు.

‘మేనమామ’లో మేన ఏంటి?

మేను అంటే ఒళ్ళు. ఒంటి సంబంధం, అంటే రక్తసంబంధం ఉన్న మామ. పెళ్ళితో వచ్చిన మామ నుంచి వేరు చేయడానికి ఆ ముక్క తగిలించారు. మేనత్త, మేనకోడలు, మేనల్లుడు అన్నీ ఇలాగే.

మామ, మామయ్య, మావయ్య, మావ. వీటిలో ఏది కరెక్టు?

అన్నీ కరెక్టే, ఏ ఇంట్లో పుట్టారన్నదే తేడా. మాది ఖమ్మం, మేం మామ అంటాం. మా ఆవిడది భీమవరం, వాళ్ళు మావయ్య అంటారు, మామ అంటే మర్యాద తక్కువైనట్టు మొహం పెడతారు. మా అబ్బాయి ఇటు మేనమామని మావయ్య అని, నా స్నేహితుల్ని మామ అని సర్దుకున్నాడు. ‘మ’ పోయి ‘వ’ రావడం కొత్తేం కాదు, కన్నడంలో మామగారిని మావ అనే అంటారు. మన పాము వాళ్ళకి హావు అయింది చూడండి, అక్కడా మధ్యలో ‘మ’ పోయి ‘వ’ వచ్చింది.

మామ్మ ఎవరు? మామకి ఆడరూపమా?

కాదు. కోస్తాలో చాలాచోట్ల నాయనమ్మని మామ్మ అంటారు, పేరు తెలియని పెద్దావిడని కూడా మామ్మగారూ అంటారు. మామకి జోడీ అత్తే. హిందీలో మామీ, తమిళంలో మామి ఉన్నారు గానీ తెలుగులో ఆ మాట నిలబడలేదు.

చందమామ మనకి మామ ఎలా అయ్యాడు?

పెద్దవాళ్ళు చెప్పే లెక్క ఇది. పాలసముద్రాన్ని చిలికితే లక్ష్మీదేవి వచ్చింది, చంద్రుడూ వచ్చాడు, కాబట్టి అన్నాచెల్లెళ్ళు. లక్ష్మి లోకానికంతా అమ్మ, అమ్మ తోడబుట్టినవాడు మేనమామ. లెక్క బాగానే ఉంది. నాకైతే ఇంకోటి అనిపిస్తుంది: అన్నం తిననని మారాం చేసే పిల్లకి దూరం నుంచి ఎవరో వస్తున్నారని చెప్పాలంటే, అమ్మకి గుర్తొచ్చేది పుట్టింటివాళ్ళే.

1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన పిల్లల పత్రిక పేరు ఎలా మారిందో చూస్తే ఈ మాట కథంతా అందులోనే దొరుకుతుంది. తెలుగులో చందమామ. అదే పత్రిక తమిళంలో అంబులిమామా: చంద్రుడి పేరు మారింది, మామ మారలేదు. ఒడియాలో జన్హమాము, అక్కడా అంతే. మలయాళానికి వచ్చేసరికి అంబిలి అమ్మావన్ అయింది, ఎందుకంటే వాళ్ళకి మేనమామ అంటే అమ్మావన్.

మొగుణ్ణి మావా అంటారు, ఫ్రెండుని మామా అంటారు, ఇదేం వరస?

మొగుణ్ణి అనడానికి కారణం తేలికే. మేనమామని చేసుకోవడం మనలో ఉన్నదే, పెళ్ళికి ముందు మావ అన్న పిల్ల పెళ్ళయ్యాక మాత్రం ఎందుకు మారుస్తుంది? తర్వాత అసలు చుట్టరికం లేని ఊళ్ళో వాళ్ళకీ అది ముద్దుపేరయింది.

ఫ్రెండు సంగతికొస్తే, మన వరసల్లో కొన్ని మర్యాద వరసలు, కొన్ని వేళాకోళం వరసలు. పెదనాన్నతో పరాచికాలాడలేం. బావతో, మామతో ఆడొచ్చు. అందుకే కాలేజీ కుర్రాళ్ళు ఒకరినొకరు మామా, బావా అనుకుంటారు గానీ ఎవడూ ఇంకొకణ్ణి “ఏరా పెదనాన్నా” అనడు. తమిళ కుర్రాళ్ళ మచ్చాన్, మచ్చా కూడా ఈ లెక్కలోదే, అది బావమరిది వరస.

‘మమ అనిపించారు’లో ఉన్నది మామేనా?

కాదు, ఒక్క దీర్ఘం తేడాతో వేరే మాట. సంస్కృతంలో మమ అంటే ‘నాయొక్క’. పూజలో సంకల్పం చెప్పేటప్పుడు గోత్రం, పేరు, ఫలానా పుణ్యం కోసం అని అంతా పురోహితుడే చదివేస్తాడు, చేసేది మనం కాబట్టి ‘నాది’ అని మన నోటితో అనిపించాలి. మా గృహప్రవేశంలో నేను ఫోన్లో వంటవాళ్ళకి ‘ఇంకో యాభై విస్తళ్ళు’ అని చెబుతుంటే పంతులుగారు మోచేత్తో పొడిచి “మమ అనండి” అన్నారు, “మమ” అని మళ్ళీ ఫోన్ చెవిన పెట్టుకున్నాను. మనసు పెట్టకుండా పైపైన కానిచ్చేయడాన్ని మమ అనిపించడం అని ఎందుకంటారో ఆ రోజు అర్థమైంది.

మామూలు ఇవ్వడం అంటారు కదా, మామకి ఇచ్చేదా?

బాగుంది గానీ కాదు. మామూలు అరబీ నుంచి ఉర్దూ ద్వారా వచ్చింది, ఆచరణలో ఉన్నది, అలవాటైనది అని అర్థం. మనం వాడే ‘అమలు’ కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. అలవాటు ప్రకారం ఇచ్చేది మామూలైంది, చివరికి లంచానికి మర్యాదైన పేరైంది.

## రాష్ట్రం దాటాక

హైదరాబాద్‌లో ‘మామూ’ అంటే తిట్టా?

ఉర్దూలో మామూ అంటే మేనమామ, అందులో తప్పేమీ లేదు. కానీ ‘మామూ బనాదియా’ అంటే వెర్రివాణ్ణి చేశాడని. పిలిచిన గొంతుని బట్టి తెలిసిపోతుంది. పాత ఉర్దూలో ఇంకో మామా ఉంది, దీర్ఘంతో: ఇంట్లో పనిచేసే ఆడమనిషి, పిల్లల్ని చూసుకునే ఆయా. పారసీకంలో మామా అంటే మంత్రసాని. అంటే ఒకే ఇంట్లో మామూ మేనమామ, మామా పనిమనిషి. చివరి అచ్చు తప్పు పలికితే ఎవరు పలుకుతారో మీరే ఊహించుకోండి.

బెంగాలీలకి కూడా మామా ఉందా?

ఉంది, మేనమామే. మామార్ బాడీ అంటే మేనమామ ఇల్లు, అడిగిందల్లా దొరికే చోటు. అందుకే అడ్డగోలుగా ఏదైనా కావాలని పేచీ పెడితే ‘మామార్ బాడీర్ ఆబ్దార్’ అంటారు, ఇదేమన్నా నీ మేనమామ ఇల్లా అన్నట్టు. ఢాకాలో రిక్షా ఆయన్నీ టీ కొట్టాయన్నీ కూడా మామా అనే పిలుస్తారు. మన దగ్గర ఆ పని అన్న చేస్తున్నాడు: “అన్నా, రెండు చాయ్.”

తమిళనాడు, కేరళ వెళ్తే ఈ మాటతో జాగ్రత్తగా ఉండాలా?

కాస్త. తమిళంలో మామా అంటే మేనమామ, మామగారు, పక్కింటి అంకుల్, ఇవన్నీ మంచి అర్థాలే. కానీ తార్పుడుగాణ్ణి కూడా ఎగతాళిగా మామా అంటారు, ‘మామా వేలై’ అంటే ఆ పని. మలయాళంలోనూ ఆ వెక్కిరింపు ఉంది. పెద్దాయన్ని ప్రేమగా పిలిస్తే ఏమీ కాదు, గొడవ మధ్యలో మాత్రం వాడకండి.

శ్రీలంకలో ప్రతి వాక్యంలో మమ మమ అంటారేంటి?

సింహళంలో మమ అంటే ‘నేను’. దీర్ఘాలు పెట్టి మామా అంటే మేనమామ. సింహళం సంస్కృతం వైపు భాష, ఆ మమకీ మన సంకల్పంలో మమకీ నిజంగానే చుట్టరికం ఉంది. కొలంబోలో ఎవరైనా మమ అని మొదలుపెడితే తన గురించి చెప్పుకుంటున్నారని అర్థం, మిమ్మల్ని పిలవడం లేదు.

## దేశం దాటాక

మలేషియాలో ‘మామక్’ హోటళ్ళు ఉంటాయి, అది మన మామేనా?

ఈసారి అవును. తమిళ ముస్లింలు అక్కడికి వెళ్ళి కొట్లు పెట్టుకున్నారు, వాళ్ళని మామా అని పిలిచిన పిలుపే మలయ్ నోట్లో మామక్ అయింది. ఇప్పుడు మామక్ అంటే మన పరోటా లాంటి రోటీ చనాయ్, పైనుంచి కిందికి సాగదీసి పోసే టీ తెహ్ తారిక్, అర్ధరాత్రి దాకా తెరిచి ఉండే బల్లలు. కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేసే మనవాళ్ళని అడగండి, రాత్రి ఆకలేస్తే దిక్కు అదే.

సుమత్రా దీవిలో మినాంగ్‌కబావు వాళ్ళకి కూడా మామక్ ఉన్నాడు, ఆయన అచ్చంగా మేనమామ. అక్కడ ఆస్తి తల్లి వైపు నుంచి కూతుళ్ళకి పోతుంది, దాన్ని కనిపెట్టుకుని ఉండేది, మేనల్లుళ్ళ మంచిచెడ్డలు చూసేది మామక్. మన దగ్గర మేనమామ పెళ్ళికూతుర్ని బుట్టలో మోసుకొచ్చి పక్కకి తప్పుకుంటాడు, అక్కడ ఆయన పని జన్మంతా.

టర్కీలో పిల్లి తిండి ప్యాకెట్ మీద మామా అని ఉంది, ఎందుకు?

టర్కిష్‌లో మామా అంటే చంటిపిల్లల తిండి, తర్వాత కుక్క తిండి, పిల్లి తిండి కూడా. తమిళ ఇళ్ళల్లో చంటిపిల్లకి పెట్టే అన్నం మమ్మం, జపాన్‌లో మమ్మా, మనకి బువ్వ. అమ్మని అన్నె అంటారు టర్కీలో. మనవాడెవడైనా అక్కడ “అన్నే కదా, అడుగుదాం” అంటే వాళ్ళు వాళ్ళమ్మ కోసం వెతుకుతారు.

కువైట్‌లో పనిచేసే మా పిన్ని ఇంటావిడని ‘మామా’ అంటుంది. అక్కడా మేనమామా?

కాదు, అక్కడ మామా అంటే అమ్మ. గల్ఫ్ ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు యజమానురాలిని మామా, యజమానిని బాబా అనడం బాగా అలవాటు. కడప నుంచో గోదావరి జిల్లాల నుంచో వెళ్ళిన ఆడవాళ్ళకి మొదటి వారం నోరు తిరగనిది అరబీ కాదు, ఈ పిలుపే. ఊళ్ళో మామ అంటే మీసాలున్న మనిషి మరి.

అరబ్ తల్లి కొడుకునే ‘మామా’ అని పిలుస్తుంటే విన్నాను. పొరపాటా?

పొరపాటు కాదు. అరబ్ ఇళ్ళల్లో పిల్లాడు తనని ఏమని పిలుస్తాడో తల్లి అదే మాటతో వాణ్ణి పిలుస్తుంది: “రా మామా, తిను మామా.” తండ్రి అయితే బాబా అంటాడు. వింతగా ఉందనుకునే ముందు మనింట్లో వినండి. “నాన్నా, లేరా బడికి టైమైంది” అని ఎవరు ఎవరితో అంటున్నారు? ఆరేళ్ళ కొడుకుతో అమ్మ. కూతుర్ని అమ్మా, తల్లీ అంటాం. మనకి అలవాటైపోయి వినపడదు, అంతే.

ఆఫ్రికాలో?

స్వాహిలీలో మామా అంటే అమ్మ, మర్యాదగా ఏ పెద్దావిడనైనా అనొచ్చు. పెద్దబిడ్డ పేరు కలిపి ఫలానా వాళ్ళ మామా అనడం మామూలే, మన పల్లెల్లో ఫలానా వాళ్ళమ్మా అన్నట్టు. నాకు బాగా నచ్చింది ఇంకోటి: అమ్మ చెల్లెల్ని మామా మ్‌డోగో అంటారు, చిన్నమ్మ. నాన్న తమ్ముడు బాబా మ్‌డోగో, చిన్నాన్న. మేనమామకి మాత్రం వేరే మాట, మ్‌జోంబా. మన లెక్కే, అచ్చుగుద్దినట్టు, మాటలే వేరు.

కొరియన్ సీరియళ్ళలో రాజుగారిని ‘మామా’ అంటారేంటి?

చైనా అక్షరాల్లో అది తల్లి మాటే, కొరియా రాజకుటుంబంలో గౌరవ బిరుదైంది. రాణికి, రాజుకి, యువరాజుకి కూడా. అంతకంటే మనకి దగ్గరైన సంగతి, మశూచిని కూడా కొరియన్లు మామా అనేవాళ్ళు. అంత భయంకరమైన జబ్బుని పేరు పెట్టి పిలిస్తే కోపం వస్తుందేమోనని రాజబిరుదు ఇచ్చారు. సోన్నిమ్ అని, అంటే చుట్టం అని కూడా అనేవాళ్ళు, ఎలాగూ వచ్చింది, మర్యాదగా ఉంటే మర్యాదగా వెళ్ళిపోతుందని. మన దగ్గర “అమ్మవారు పోసింది” అని వేపాకులు కట్టలేదూ? 1980లో మశూచి ప్రపంచంలోనే లేదని ప్రకటించారు, ఆ పిలుపు మాత్రం ఇప్పుడు ఆటలమ్మకి మిగిలింది.

ఇంకా ఎక్కడెక్కడ ఏ అర్థాలు?

ఫిలిప్పీన్స్‌లో టాగలాగ్‌లో ముక్కూమొహం తెలియని మగమనిషిని మామా అంటారు, మనం ‘ఏవండీ’ అన్నట్టు. మధ్య ఆస్ట్రేలియాలో పిట్‌జంట్‌జట్‌జరా భాషలో మామ అంటే తండ్రి, జార్జియాలో లాగే, మధ్యలో సముద్రాలున్నా. హవాయిలో మమ అంటే నమలడం. న్యూజిలాండ్ మావోరీలో మామా అంటే బరువు లేనిది, తేలికైనది. ఆండీస్ కొండల్లో కెచువా వాళ్ళకి మామ అంటే తల్లి, పాచమామ అంటే భూదేవి.

## మూలం వెతికేటప్పుడు

ఇన్నిచోట్ల ఒకే మాట ఉందంటే అన్నిటికీ ఒకటే మూలం ఉండాలి కదా?

అక్కర్లేదు. 1959లో జార్జ్ పీటర్ మర్డాక్ అనే మానవశాస్త్రవేత్త ప్రపంచ భాషల్లో అమ్మా నాన్నల పేర్లు 1,072 పోగేశాడు. భాషాశాస్త్రవేత్త రోమన్ యాకొబ్‌సన్ వాటిని చూస్తే తల్లి పేర్లలో 55 శాతం వాటిలో మ, న లాంటి ముక్కు శబ్దాలున్నాయి, తండ్రి పేర్లలో 15 శాతం వాటిలోనే. ఆయన చెప్పిన కారణం ఏ బాలింతైనా ఒప్పుకునేదే. పెదాలు మూసుకుని పాలు తాగేటప్పుడు పాపాయి చేయగలిగింది ముక్కులోంచి ‘మ్మ్’ మనడం ఒక్కటే. తర్వాత పాలు కనిపించినా అదే, ఆకలేసినా అదే, తెచ్చే మనిషి కనిపించినా అదే. పాపాయి ఎవర్నీ పిలవలేదు, ‘నన్నే పిలిచింది’ అని పెద్దవాళ్ళు అనుకున్నారు. ఎవరు అనుకున్నారన్నది ఇంటింటికీ మారింది: ఒకచోట అమ్మ, ఒకచోట నాన్న, ఒకచోట మేనమామ, ఒకచోట గిన్నెలో బువ్వ.

‘మ’ అమ్మకే తేలికైతే జార్జియన్లు తిరగేసి ఎందుకు పెట్టారు?

55 శాతం అంటేనే నూటికి నూరు కాదని. పైగా శబ్దాలు కాలంతో జారిపోతాయి కూడా. జపాన్‌లో అమ్మని హాహా అంటారు. ఆ మాట ఒకప్పుడు పాపా. అవును, అమ్మే పాపా. మన పాలు కన్నడంలో హాలు అయినట్టు, పులి హులి అయినట్టు అక్కడ కూడా ‘ప’ మెల్లగా ‘ఫ’ అయి ‘హ’ అయింది. మధ్యలో ఫాఫా అనే రోజుల్లో, 16వ శతాబ్దంలో, వాళ్ళకో పొడుపుకథ ఉండేది: “అమ్మకి రెండుసార్లు కలుస్తాయి, నాన్నకి ఒక్కసారీ కలవవు, ఏమిటవి?” జవాబు పెదాలు. ఇప్పుడు హాహా అంటే పెదాలు కలవవు, పొడుపుకథ పనిచేయదు. ఒకప్పుడు అలా పలికేవాళ్ళని చెప్పడానికి మాత్రం పండితులకి బాగా పనికొచ్చింది.

మామ సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిందా, మన నుంచి వాళ్ళకి వెళ్ళిందా?

ఈ ప్రశ్నకే గ్రూపులో ఇద్దరు రెండు రోజులు మాట్లాడుకోలేదు. సంస్కృతంలో మేనమామకి పెద్దమనిషి మాట మాతులుడు, అది మాతృ నుంచి వచ్చింది. మామ అనే పిలుపు సంస్కృత కథల్లో జంతువులు ఒకదాన్నొకటి “మామా” అనుకునేటప్పుడు కనిపిస్తుంది, అంటే అప్పటికే ఇళ్ళల్లో ఉన్న మాట. ఇటు తమిళ, తెలుగు, కన్నడాల్లో అది మొదటి నుంచీ వరసల లెక్కకి నడుమున ఉన్న మాట. పక్కపక్కన వేల ఏళ్ళు బతికినవాళ్ళు, పైగా ఇది పసిపిల్లల మాట, ఏ ఇంట్లోనైనా పుట్టగలదు. ఇలాంటి మాటకి బర్త్ సర్టిఫికెట్ అడగడం దండగ అని నా ఉద్దేశం.

‘అంకుల్’ అనడం కంటే మామ అనడమే మన సంస్కృతి అని నాన్న క్లాసు పీకుతున్నారు. ఏం చెప్పాలి?

అంకుల్ అసలు అర్థం మేనమామే అని చెప్పండి. లాటిన్‌లో అవుంకులుస్ అంటే అమ్మ తోడబుట్టినవాడు. నాన్న తోడబుట్టినవాడికి పత్రూస్ అని వేరే మాట ఉండేది. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకి వచ్చేసరికి పత్రూస్ జారిపోయి మేనమామే అందరికీ అంకుల్ అయ్యాడు. నాన్నగారు ఇంకా ఊరుకోకపోతే నేనేం చేయలేను.

మమ్మీ అంటే అమ్మ, ఈజిప్టులో మమ్మీ అంటే శవం. ఒకటేనా?

పోలిక వినడానికే. పీనుగుకి పూసే నల్లటి జిగురుని అరబీలో మూమియా అన్నారు, దాని వెనక పారసీకంలో మైనం అనే అర్థమున్న మూమ్ ఉంది. అమ్మ మమ్మీ పాపాయి నోట్లోంచి వచ్చింది.

రొమ్ముకి తీసే ఎక్స్‌రేని మామోగ్రామ్ అంటారు కదా, దానికి మామతో పని ఉందా?

మన మామతో లేదు, ఇంగ్లీషు వాళ్ళ అమ్మతో ఉంది. లాటిన్‌లో మమ్మా అంటే రొమ్ము, అమ్మని కూడా పిల్లలు అలాగే పిలిచేవాళ్ళు. 1758లో లినేయస్ పాలిచ్చే జంతువులకి ఆ మాటతోనే పేరు పెట్టాడు, మనం క్షీరదాలు అంటాం. మంచుయుగం ఏనుగు మామత్ మాత్రం ఈ కుటుంబం కాదు, ఆ పేరు రష్యా వైపు నుంచి వచ్చింది.

మరి ఏ రెండు మాటలకి నిజంగా చుట్టరికం ఉందో ఎలా తెలుస్తుంది?

ఒక్క మాట పోలితే సరిపోదు, తేడా కూడా ఒక వరసలో ఉండాలి. కన్నడ కివి మన చెవి, వాళ్ళ కిరు మన చిరు, వాళ్ళ కెడు మన చెడు. ప్రతిసారీ వాళ్ళ ‘క’ దగ్గర మనకి ‘చ’ వస్తోంది, ఇది యాదృచ్ఛికంగా జరగదు. అదే, తెలుగు మామ, జార్జియన్ మామ అచ్చం ఒకేలా ఉన్నాయని, అందుకే తెలుగు అన్ని భాషలకీ తల్లి అని ఫార్వర్డ్ వస్తే, ఆ రెండు భాషల్లో చెయ్యి, కన్ను, నీరు పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడితో చర్చ ఆగిపోతుంది. ఆగకపోతే గ్రూప్ మ్యూట్ చేయండి.

చివరికి ఆ ఓనరమ్మకి ఎవరు ఎవరో అర్థమైందా?

అయింది. ఇప్పుడు నేను ఫోన్ చేస్తే వెనక నుంచి “బిద్జా!” అని చెయ్యి ఊపుతుంది. మా బావ చేస్తే “మామా! మామా!” అని మా మేనకోడల్ని కేకేస్తుంది, మీ నాన్న ఫోన్ అని. ఆవిడకి అరవై ఐదు, ఆయనకి యాభై రెండు. “నేనావిడకి మామనేంట్రా” అని ఆయన ఇప్పటికీ సణుగుతూనే ఉన్నాడు.